తిరుగు మూట

దీవికైతే వస్తానని చిన్నది తలుపు వెనకనుంచి అన్న రోజు మొదలుకుని ఆ తండ్రి కాలు ఒకచోట నిలిచింది లేదు.

నిలవకపోవడానికి కారణం ఉంది. వానలకు ముందునుంచీ ఆ గదిలోంచి వచ్చిన మాటలన్నీ పోగేసినా ఒక పూట కబుర్లకు చాలవు. ఆకలి లేదు, తర్వాత తింటాను, నువ్వు వెళ్లు నాన్నా. అంతే. గుమ్మం ముందు కంచం పెట్టి పక్కకు తప్పుకుంటే, ఎవరూ చూడనప్పుడు లోపలికి వెళ్లి, సగం ఖాళీ అయి బయటికి వచ్చేది. కంచం కదిలితే పిల్ల బాగున్నట్టే లెక్క. అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం, ఎవరూ అడగకుండానే, తలుపు అవతలనుంచి నిండుగా ఒక మాట వినిపించింది.

"దీవి పర్మిషన్ ఇంకా ఉంది కదా నాన్నా. అక్కడికైతే వస్తాను."

ఆయన ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాడు. చేతిలో ఉన్నదేమిటో చూసుకునే ఓపిక అప్పటికి ఆయనకు లేదు.

దీవి గోల అసలు పెద్దోడిది. పెద్దోడంటే చిన్నదాని అన్న. సముద్రంలో చాలా లోపలికి, మనిషన్నవాడు ఉండని రాతి దీవి అది. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం తెరుస్తారు. గుడ్లు పెట్టడానికి పిట్టలు దిగే వేళకు మూసేస్తారు. అక్కడ టెంటు వేసుకుని మూడు రాత్రులు ఉండి, మనిషి వచ్చిపోయిన ఆనవాలు కూడా మిగల్చకుండా తిరిగి రావాలని అన్నాచెల్లెళ్లిద్దరూ వంటింటి బల్ల మీద తలలు ఆనించుకుని ప్లాను వేసేవారు. పర్మిషన్ చేతికొచ్చిన వారంలోనే, చిన్నది స్కూటరు నడుపుతూ ఉండగా, వెనక కూర్చున్న పెద్దోడు లారీ కింద పడి చనిపోయాడు. చిన్నదానికి మోచెయ్యి గీరుకుపోయింది. ఇంకేమీ కాలేదు. ఆసుపత్రినుంచి తిన్నగా గదిలోకి వెళ్లింది, మళ్లీ కళ్లద్దాల షాపులో ఉద్యోగానికి కూడా పోలేదు.

తండ్రి బస్సులకూ సినిమాహాళ్లకూ సీట్లు కుట్టే మనిషి. ఊళ్లో సగం మంది ఆయన చేతిపని మీదే కూర్చుని తిరుగుతుంటారు గానీ ఆయన్ని ఎరిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. జీవితంలో ఒక్క రాత్రి కూడా ఆరుబయట పడుకోలేదు. సముద్రమంటే పడవ ఎక్కకముందే కడుపులో తిప్పే రకం. అలాంటివాడు మర్నాడు పొద్దున్నే షాపుకు సెలవు చెప్పి, దీవి వ్యవహారాలు చూసే ఆఫీసుకు పరుగెత్తాడు.

"అబ్బాయి పేరు తీసేసి మీ పేరు రాయాలా?" అన్నాడు గుమస్తా. "ఆయన రావట్లేదా?"

"రావట్లేదండి."

గుమస్తా స్కేలు పెట్టి మరీ పెద్దోడి పేరు మీద గీత గీశాడు. అంత నీటుగా గీసినందుకు అతని చెంప పగలగొట్టాలనిపించింది ఆయనకు. థాంక్స్ చెప్పి బయటికి వచ్చాడు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ముందుగదిలో సోఫా గోడకు నెట్టేసి, నేలంతా గుడ్డ పరిచి, దీవికి కావలసినవన్నీ తనే కుట్టడం మొదలుపెట్టాడు. బజారులో దొరికే సంచులు ఆయనకు నచ్చవు. ఎవడో కుట్టిన కుట్టు మీద పిల్ల ప్రాణం పెట్టడమేమిటని ఆయన వాదన. అక్కడ మంట వెలిగించకూడదు కాబట్టి పొయ్యి అక్కర్లేని తిండి, అంటే ఎండు పండ్లు, వేయించిన గింజలు, గట్టి రొట్టెలు. వాటికి గాలి చొరని సంచులు. సబ్బు వాడకూడదు. రంగురంగుల బట్టలు పనికిరావు. చెత్త ఒక్క ముక్క కూడా అక్కడ వదలకూడదు. చెత్త అంటే అన్ని రకాల చెత్తా. దానికి బిగుతు మూత ఉన్న డబ్బా, ఆ డబ్బాకొక తొడుగు.

ఆ డబ్బా దేనికో తెలిశాక ఆయన అక్క కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగమంతా పరాయివాళ్ల మాటలు కలపడంలోనే గడిచిపోయి, రిటైరయ్యాక తన వాటా మాటలన్నీ ఇంట్లో మాట్లాడుకుంటున్న మనిషి ఆవిడ. తల్లి లేని ఆ పిల్లలిద్దరినీ పెంచింది కూడా ఆవిడే.

"అంటే అంత దూరం పోయి, మన దొడ్డి మనమే మూటగట్టి మోసుకురావాలన్నమాట" అంది. "మీ వంశంలో ఒక్కడికీ సుఖపడే యోగం లేదురా."

"మన వంశమే కదక్కా."

"నేను మోకాళ్ల పేరు చెప్పి తప్పించుకున్నాగా."

లోపలనుంచి చిన్న నవ్వు వినిపించింది. అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

నవ్వు మళ్లీ రాలేదు గానీ మాటలు వచ్చాయి. ఆయన కావాలనే పైకి మాట్లాడుకుంటూ తప్పులు చేసేవాడు. టెంటు మెత్తగా గడ్డి మీద వేసుకుందామని గోడకు చెప్తే, తలుపు వెనకనుంచి జవాబు వచ్చేది. "గడ్డి మీద వెయ్యకూడదు నాన్నా. కింద పిట్టలు బొరియలు తవ్వుకుంటాయి. కాలు పెడితే కూలిపోతాయి. రాయి మీదే వెయ్యాలి, నడక కూడా రాయి మీదే." బూట్లు కొత్తవి కొంటానంటే, కొత్తవైనా పాతవైనా అడుగున ఒక్క గింజ ఉండకూడదని, మన ఊరి కలుపు అక్కడ మొలిస్తే దీవి పాడైపోతుందని చెప్పింది. చివరికి ఒక మధ్యాహ్నం తలుపు తీసుకుని బయటికే వచ్చింది. గుండుసూదితో ఆయన బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి గీకుతూ ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. చిక్కి సగమైంది. జుట్టు తనే కత్తిరించుకున్నట్టుంది, ఎగుడుదిగుడుగా ఉంది. ఆయన కుట్టుమిషను మీద వంగి, కళ్లు తుడుచుకోవడం కనిపించకుండా పెడల్ గట్టిగా తొక్కాడు.

ఆ రోజునుంచి రోజూ వచ్చింది. తన గది సర్దుకుంది. కళ్లద్దాల షాపులో తనతో పనిచేసిన పిల్లను పిలిపించి, తన పనిముట్లన్నీ ఇచ్చేసింది. మంచి శాలువా తీసుకొచ్చి అత్త భుజాల మీద కప్పింది, నీకే బాగుంది, ఉంచుకో అని. ఆయన మురిసిపోయాడు. పిల్ల తేరుకుంటోందని షాపులో కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు.

శాలువా కప్పించుకున్న ఆవిడ మాత్రం మురవలేదు. మర్నాడు తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచింది. ఆ శాలువా ఆవిడ చేతిలో మడతపెట్టి ఉంది.

"ఒరేయ్, అది వస్తానందని తెగ సంబరపడుతున్నావు."

"సంబరపడొద్దా అక్కా?"

"పోవడానికి వస్తానంది. తిరిగి రావడానికి వస్తానందా?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికొచ్చినట్టు తిట్టాడు అక్కను. నీ నోట మంచిమాట రాదా అన్నాడు, నీ నోరు పడిపోను అన్నాడు. ఆవిడ ఎదురు చెప్పలేదు. ఏ మాటకైనా ఎదురు చెప్పే మనిషి ఊరుకునేసరికి ఆయన బట్టలుతికే రాయి మీద చతికిలబడ్డాడు.

ఇంటికి ఒకసారి వచ్చి మందులు రాసిచ్చిన డాక్టరమ్మకు ఫోను చేశాడు. ఆవిడ అంతా వింది. "అడగండి" అంది. "చుట్టూ తిప్పకుండా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని అదే మాటతో అడగండి. మీరు అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదైతే బయటికి వస్తుంది."

చెప్పడం ఎంతసేపు. ఆయన ఎన్నిసార్లు ఆ పిల్ల ఎదురుగా నోరు తెరిచాడో ఆయనకే తెలుసు. అమ్మా అనేవాడు. ఏంటి నాన్నా అనేది. కత్తెర ఇలా ఇవ్వు అనేవాడు. ఇంట్లో కత్తెరలన్నీ ఆయన ముందే కుప్పపడ్డాయి గానీ ఆ ప్రశ్న మాత్రం గొంతు దాటి రాలేదు. అడిగితే, అవునంటే? ఆ అవునన్న మాట విన్నాక చెయ్యవలసిన పనేదో ఆయనకు తెలియదు. ప్రయాణం మానేద్దామంటే మళ్లీ ఆ తలుపు మూసుకుంటుంది. వెళ్దామంటే ఎవరూ లేని రాతి దీవి, చుట్టూ సముద్రం. ఏ వైపు అడుగేసినా పిల్ల చేజారిపోయేలా ఉంది. అందుకని కుడుతూ పోయాడు. చేతులు ఆడుతున్నంతసేపూ ఆలోచన కాస్త వెనక నిలబడేది.

ఇంతలో సరంగు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. దీవికి వెళ్లేవాళ్లను దింపి, మళ్లీ తీసుకొచ్చే పడవ ఆయనదొక్కటే. నవ్వడం అలవాటు లేని మనిషి. తాడు చుట్టుకుంటూ, కళ్లెత్తకుండా చెప్పాడు.

"టెంట్లూ బూట్లూ ఆఫీసువాళ్లు చూసుకుంటారు. నేను చూసేది ఒకటే, తిరుగు మూట. సముద్రం బాగోకపోతే చెప్పిన రోజుకు నేను రాలేను. ఆ రోజుకు సరిపడా తిండీ నీళ్లూ ఎవరిది వాళ్లే విడిగా మూట కట్టి, మూతి కుట్టేసి తెచ్చుకోవాలి. చెప్పిన రోజు దాటేదాకా విప్పకూడదు. ఎక్కే ముందు చేత్తో ఎత్తి చూస్తాను. మూట లేనివాణ్ణి ఎక్కించుకోను."

"ఇద్దరిదీ కలిపి నేనే కట్టకూడదా?"

"కూడదు. తిరిగి రావడం తనే మూటగట్టుకున్న మనిషి దీవి మీద ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటాడు. మా నాన్న అలాగే చేసేవాడు, నేనూ అంతే."

ఇంటికొచ్చి ఆయన ఒకే కొలతతో రెండు సంచులు కుట్టి, ఒకటి చిన్నదానికిచ్చాడు. సరంగు చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. ఆ పిల్ల సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే" అంది.

ప్రయాణం రేపనగా, ముందుగదిలో సామానంతా వరసగా పెట్టారు. పిట్టలు దిగే రోజులు దగ్గరపడ్డాయి, ఆ ఏడాదికి అదే ఆఖరి పడవ. బూట్ల తాళ్లు అదనంగా కొనుక్కొస్తానని అక్క బజారుకు వెళ్లింది. చిన్నది స్నానం చేస్తోంది. ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు, సరంగు ఎత్తినట్టే. తన తిరుగు మూట ఎత్తి పక్కన పెట్టాడు. చిన్నదాని మూట ఎత్తాడు. నీళ్ల సీసా అడుగున తగులుతోంది, బరువూ బాగానే ఉంది. మూతి ముచ్చటగా కుట్టి ఉంది. కింద పెట్టబోతూ, అలవాటు కొద్దీ బొటనవేలితో ఒక మూల నొక్కాడు.

సీటు లోపల ఏం నింపారో పైనుంచి నొక్కి చెప్పడం ఆయన బతుకుతెరువు. దూదా, నారా, స్పాంజి ముక్కలా అన్నది ఆయన కళ్లతో చూడక్కర్లేదు. రొట్టెలైతే అలా లోపలికి పోయి అలా పైకి లేవవు. ఇంకో మూల నొక్కాడు. అదీ అంతే. దూది. తడిపి పిండిన దూది, బరువు కోసం. ఎంత పొందికగా నింపిందంటే, ఒక్క చోట గడ్డ కట్టలేదు, ఒక్క చోట డొల్ల లేదు. మూలలు ముందు నింపి, తర్వాత మధ్యలోకి రావాలని ఆ పిల్లకు చిన్నప్పుడు షాపులో కూర్చోబెట్టి నేర్పింది ఆయనే. షాపులో కుర్రాళ్లెవరికీ అంత బాగా కుదరదు ఆ పని. ఆ పొందిక చూసే ఆయనకు ఏడుపొచ్చింది.

చిన్నది తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన మూటను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల ఆయన బొటనవేలు ఎక్కడుందో చూసి, అక్కడే ఆగిపోయింది.

"తిండి ఏదమ్మా ఇందులో?"

"అక్కర్లేని తిండి అంత దూరం మొయ్యడం దేనికనిపించింది నాన్నా. వంటింట్లో పెట్టేశాను. అత్త తింటుందిలే అని."

ఆ గొంతులో దాచడం లేదు, బెదరడం లేదు. నీరసం మాత్రం ఉంది. ఇన్నాళ్లూ ఆయన గొంతు దాటని ప్రశ్న అప్పుడు దానంతటదే బయటికి వచ్చింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

తువ్వాలు చేతిలో నలుపుతూ ఆ పిల్ల గోడకు జారగిలబడి కూర్చుంది.

"ఎలా అని ఏమీ అనుకోలేదు నాన్నా. వెళ్లడం కనపడుతోంది. పడవ ఎక్కడం, రాయి మీద టెంటు వెయ్యడం, వాడు చెప్పిన పిట్టలు, అన్నీ కనపడుతున్నాయి. తిరిగి రావడం ఎంత ప్రయత్నించినా కనపడట్లేదు. ఆ మూట కట్టడానికి కూర్చున్నాను. చేతులు రాలేదు."

ఆయనకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. బ్లేడు తీసుకుని ఆ అందమైన కుట్టు బర్రున చీల్చేశాడు. లోపలున్న దూదిని గుప్పిళ్లతో లాగి గది నిండా విసిరేశాడు. సోఫా మీదా, టెంటు మీదా, గింజ లేకుండా శుభ్రం చేసుకున్న బూట్ల మీదా పడింది. సంచి ఖాళీ అయినా ఇంకా లాగుతూనే ఉన్నాడు. ఆ పిల్ల ఆపలేదు. ఆయన చేతులు వాటంతటవే ఆగాక అంది.

"బండి నడిపింది నేనే కదా నాన్నా."

ఇది ఆ పిల్ల నోటితో అనడం అదే మొదటిసారి. నీ తప్పేమీ లేదమ్మా అన్న మాట ఆయన నాలుక చివర సిద్ధంగా ఉంది. వచ్చినవాళ్లందరూ అదే అన్నారు, ఆయనా వందసార్లు అన్నాడు, తలుపుకు చెప్పాడు, గోడకు చెప్పాడు. ఆ మాట మింగేశాడు.

"నువ్వే నడిపావు" అన్నాడు. "నువ్వు నడుపుతుంటేనే వాడు పోయాడు. నాకు తెలుసు. రోజూ గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా నీ మీద కోపమొచ్చిన రోజులూ ఉన్నాయి. అబద్ధం చెప్పను. అయినా నువ్వు కావాలి నాకు. తప్పు లేదని కాదు. ఉన్నా కావాలి."

ఆ పిల్ల ముఖం మొదట కదల్లేదు. తర్వాత అంత ఎదిగిన పిల్ల, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. అన్న పోయిన రోజు ఏడవలేదు, పాడె ఎత్తిన రోజు ఏడవలేదు. ఆయన దూది మీదుగా పాక్కుంటూ వెళ్లి పక్కన కూర్చున్నాడు. దగ్గరికి తీసుకోవడం ఆయనకు అంతగా చేతకాదు. తన తిరుగు మూట, నిండుగా ఉన్నది, తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పెట్టాడు.

"ఇది నాది. నీ దగ్గరుంచు. ఒకడు పోయాక ఎలా బతికానో నాకే తెలీదు. ఒక్కణ్ణే ఇంటికి తిరిగి రావడం మళ్లీ నా వల్ల కాదు. నీకు కనపడకపోతే మానె, నాకు కనపడుతోంది. నువ్వు పడవ దిగడం కనపడుతోంది, మీ అత్త నిన్ను తిట్టడం కనపడుతోంది. ప్రస్తుతానికి నాది వాడుకో."

ఏడుపు తగ్గడానికి చాలా సమయం పట్టింది. కిటికీలో ఎండ పచ్చబడింది. ఆ పిల్ల మూటను రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చుంది.

"నాన్నా, రేపు వద్దు."

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు.

"నేను నిన్ను మోసం చేద్దామనే కుట్టాను అది. రేపు పడవెక్కితే ఏం చేస్తానో నాకే తెలీదు. నన్ను తీసుకెళ్లకు."

నెలరోజులు ఆయన నిద్రలేకుండా పరుగెత్తింది ఆ పడవ కోసమే. అది పోతే మళ్లీ పిట్టలు లేచిపోయేదాకా దీవి లేదు. పర్మిషన్ ఉంటుందో లేదో, సరంగు ఉంటాడో లేదో తెలియదు. అయినా తీసుకెళ్లకు అన్న మాట వింటూ ఉంటే, ఆ రోజు వస్తాను అన్నప్పటికంటే గుండె తేలికపడింది ఆయనకు. ఫోను తీసి సరంగుకు చేశాడు.

"రేపు మేం రావట్లేదు."

"ఏం?"

"తిరుగు మూట ఒకటి తయారుకాలేదు."

అవతల కెరటాల చప్పుడు వినిపిస్తోంది. "అయితే రాకండి" అన్నాడు సరంగు. "కట్టుకున్నాకే రండి."

ఫోను కింద పెట్టబోతుంటే చిన్నది చెయ్యి చాచింది. ఇంకో చెయ్యి మూట మీదే ఉంది.

"డాక్టరమ్మ నంబరు ఉందా ఇందులో?"

"ఉంది."

"కలిపి ఇవ్వు. నేనే చెప్తాను. నువ్వు ఇక్కడే కూర్చో, లేవకు."

ఆయన నంబరు కలిపి ఇచ్చి, ఒళ్లంతా దూదితో అక్కడే కూర్చున్నాడు.